అర శ్రుతి తక్కువ

“ఇది మన కారు కాదు,” అన్నాడు కూర్మనాథం.

మంచం దిగి షెడ్డు దాకా నడవడానికి డాక్టరు ఒప్పుకున్న మొదటి రోజది. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో భార్య భుజం పట్టుకుని వచ్చి, కొత్త రంగుతో నల్లగా మెరిసిపోతున్న ఆస్టిన్ ముందు నిలబడి ఆ మాట అన్నాడు. చూడామణి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది.

కూర్మనాథం విజయనగరంలో వీణ నేర్పుతాడు. ఆ కారు అతని తండ్రి కచేరీకి మెచ్చి ఓ జమీందారు ఇచ్చింది. దాన్ని తుడవడం గానీ, నూనె వెయ్యడం గానీ అతను మరొకరికి అప్పగించి ఎరగడు. అరవయ్యెనిమిది వేసవిలో సాలూరులో లారీలకి రంగులు వేసే సోములు దగ్గర రంగుకిచ్చి వచ్చాడు. ఆ వారమే టైఫాయిడ్ పట్టుకుంది. ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు కారు ఇంటికొచ్చింది.

నంబరు చూడమంది చూడామణి. చూశాడు. తనదే. కానీ తలుపు వేస్తే చప్పుడు వేరు. హారన్ నొక్కితే అర శ్రుతి తక్కువ పలికింది. వెనక సీటు తోలు చిరిగిన చోట ఎవరో చీమల బారులా సన్నగా కుట్లు వేశారు. తన సీటు ఎప్పుడూ చిరగలేదు.

సోములుకి కబురు పెట్టారు. విజయనగరం వచ్చే లారీ పట్టుకుని వచ్చాడు. రోజంతా లారీల మధ్య బతికే మనిషి, కారు చుట్టూ ఒకసారి తిరిగి తేల్చేశాడు.

“నంబరు పలక నా సేత్తోనే ఇప్పినాను, రంగు ఆరినాక నా సేత్తోనే బిగించినాను. మీ కారు కాకపోతే ఎవుల కారవుతాది బాబూ?”

కుట్ల సంగతి అడిగితే, తన మనుషులెవరో వేసుంటారన్నాడు. హారన్ సంగతికి మాత్రం కూర్మనాథం మొహంలోకి జాలిగా చూశాడు.

డాక్టరు చూడామణిని వసారాలోకి పిలిచి, కొందరికి ఈ జ్వరం చెవిలో కూర్చుంటుందనీ, మాటకి ఎదురు చెప్పొద్దనీ గుసగుసగా చెప్పాడు. లోపల గదిలో పడుకున్న కూర్మనాథానికి ప్రతి మాటా వినిపించింది.

అప్పుడు పట్టుకుంది అతనికి అసలు భయం. హారన్ శ్రుతి తప్పు విన్న చెవి, వీణ శ్రుతి ఒప్పు వింటోందని నమ్మకమేమిటి? మర్నాడు శిష్యురాలు జగదీశ్వరి వస్తే, తీగ బిగించి మీటి, “సరిగ్గా ఉందా అమ్మా?” అని అడిగాడు. తొమ్మిదేళ్ళలో గురువుగారు అలా అడగడం ఆ పిల్ల వినలేదు. ఉందండీ అంది. నిజంగా ఉందో, గౌరవం కొద్దీ అందో అతనికి అర్థం కాలేదు. వీణకి గుడ్డ కప్పేసి, పాఠాలు మళ్ళీ చెబుతానని పంపేశాడు.

ఇక మిగిలింది కారు. పొద్దున్నే ముక్కాలి పీట వేసుకుని దాని దగ్గర కూర్చునేవాడు. పాత పంచె ముక్కతో తుడిచేవాడు. సీట్లకి కొబ్బరినూనె పట్టించేవాడు. ప్లగ్గులు విప్పి కిరసనాయిలులో కడిగేవాడు. దారినపోయే ఆవుని తన కొట్టంలో ఎవరో కట్టేసి పోతే మేత వెయ్యకుండా ఉండలేం కదా, అలా చేసేవాడు. చేస్తూ ఆలోచించేవాడు. ఇది తనది కాకపోతే తనదెక్కడ? ఇది తనదే అయితే, తనేమైనట్టు?

ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చాక, చూడామణి మనశ్శాంతి కోసం, “మనదే లేవే. జ్వరం నాచేత అలా అనిపించింది,” అన్నాడు. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆదివారం అరసవిల్లి వెళ్ళి మొక్కు తీర్చుకుందామంది. కారు కూర్మనాథమే నడిపాడు. ఒక్క మొరాయింపు లేకుండా నడిచింది. అదీ అనుమానమే అతనికి.

సూర్యనారాయణమూర్తి దర్శనం చేసుకుని ప్రసాదంతో బయటికి వచ్చేసరికి, వాళ్ళ కారులో ఎవడో కూర్చుని ఉన్నాడు. చిక్కి శల్యమైన మనిషి. సగం జుట్టు ఊడిపోయింది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కళ్ళు మూసుకున్నాడు. పక్కన ఒకావిడ రెక్క పట్టి దిగమని బతిమాలుతోంది. చూడామణిని చూసి చేతులు జోడించింది.

“తప్పుగా అనుకోకండమ్మా. మాది కోటబొమ్మాళి. ఆయనకి ఒంట్లో బాగోదు. మా కారు అద్దిగో, ఆ పక్కన ఉన్నాది. ఈమధ్యే సాలూరులో రంగేయించినాం.”

ఆవిడ చూపించిన వైపు మరో నల్ల ఆస్టిన్ ఉంది. కూర్మనాథం ముందుకి వెళ్ళి నంబరు చూశాడు. తనది కాదు. తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తండ్రీ తనూ కూర్చుని కూర్చుని పడిన గుంటలోకి నడుము దానంతటదే ఒదిగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ఎప్పుడు దిగాడో, ఆ బక్క మనిషి వచ్చి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. అటు భార్య వినడం లేదు కదా అని ఒకసారి చూసుకుని, వంగి మెల్లగా అడిగాడు.

“బాబూ, మీ ఇంటోలు కూడా ఇదంతా జొరం వల్లేనన్నారేటి?”