ముల్లు పావు దగ్గర ఆగిపోయే ఎర్ర కారు

ఇలా దగ్గరికి జరగండి, ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. మన కాల్గూర్లీ గనుల ఊళ్ళో క్లైవ్ అని ఒక మెకానిక్ ఉండేవాడు. ఊరందరిలోకీ తెలివైనవాడు. ఆ మాట ఎవరన్నారంటే, అతనే.

ఆ తెలివితోనే ఒకనాడు బంగారు మిల్లులో లారీ బాగుచెయ్యడానికి వెళ్ళాడు. కాపలా ఉండే మిర్కో టీ కలిపే సందులో అతని తాళంచెవి తీశాడు, తొమ్మిది పొట్లాల బంగారం తీశాడు, తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించాడు. మర్యాదస్తుడు మరి.

మర్నాడు డిటెక్టివులు షెడ్లన్నీ గాలిస్తూ వచ్చారు. క్లైవ్ షెడ్డులో ఎవరిదో ఎర్ర స్పోర్ట్స్ కారు, బ్రేకుల పనికి వచ్చి ఉంది. దాని డిక్కీలో కార్పెట్ ఎత్తితే పెట్రోలు ట్యాంకుకి చెయ్యి పట్టేంత మూత. పెట్రోలు ఎంతుందో గేజీకి చెప్పే ఫ్లోటు అందులోంచే లోపలికి వేలాడుతుంది. పొట్లాలన్నీ అందులోకి జారవిడిచి, మూత బిగించి, ఈల వేసుకుంటూ నిలబడ్డాడు. డిటెక్టివులు ఇంకా షెడ్డులో ఉండగానే కారాయన వచ్చి, పైకం చెల్లించి, పెర్త్ దారి పట్టాడు. క్లైవ్ చెయ్యి ఊపి సాగనంపాడు. ఇంకేం చేస్తాడు పాపం.

బంగారం దొరకలేదు కానీ, తాళంచెవి మిర్కో దగ్గర ఉండేది కాబట్టి మిర్కోకి ఆరేళ్ళ జైలు పడింది. ఇద్దరూ ఒకే పబ్బులో తాగేవాళ్ళు. ఆ స్నేహం కొద్దీ క్లైవ్ 'ధైర్యంగా ఉండు' అని జైలుకి ఒక కార్డు పంపాడు. స్టాంపు సొంత డబ్బుతోనే అంటించాడు.

ఏడు నెలలు గడిచాక, మన దగ్గర ఎండలు మండిపోయే జనవరిలో, అదే ఎర్ర కారు షెడ్డు ముందు ఆగింది. అందులోంచి డెబ్బై ఏళ్ళ ముసలావిడ నడుం పట్టుకుని విడతలు విడతలుగా దిగింది.

"సెకండ్ హ్యాండ్ బండి నాయనా. గేజీలో ముల్లు పావు దగ్గర ఆగిపోతుంది, ఇంక కిందికి దిగి చావదు. పావు ఉంది కదా అని నేను పోతూ ఉంటానా, నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. మొన్న కూల్‌గార్డీ ఇవతల మూడు గంటలు కంగారూలకి తోడు కూర్చున్నా."

క్లైవ్‌కి ఒక్కసారిగా ఆకలీ దాహం రెండూ పోయాయి. దిగదు, ఎలా దిగుతుంది? ఫ్లోటు తన బంగారం మీద ఎక్కి కూర్చుంటే.

"ఈ వయసులో నీకిలాంటి కారేమిటి మామ్మా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడయ్యా? పెట్టెలో పడుకున్నాకా?"

"ఇంకెక్కడైనా చూపించావా?"

"ఈ ఊళ్ళోనే మూడు చోట్ల. ఒక్కడూ చెయ్యి పెట్టలా. ఐదు నిమిషాల్లో పంపించేశారు."

"వాళ్ళా? సైకిలు పంపు ఇచ్చినా తిరగేసి పట్టుకునే రకం. జబ్బు ట్యాంకులో ఉంది. నాకు వదిలెయ్యి."

"ఎంత తీసుకుంటావు?"

"పెద్దదానివి, నీ దగ్గర తీసుకుంటానా? ఎదురు బేకరీలో చల్లగా కూర్చో. మాంసం కూరిన పై ఒకటి తిను, నా పేరు చెప్పు. గంట ఆగి రా."

పుట్టిన దగ్గర్నుంచి ఒక్క నట్టు కూడా ఊరికే ఇవ్వని మనిషి.

ఆవిడ రోడ్డు దాటేదాకా ఆగి, షెడ్డు తలుపు ఓరగా వేశాడు. కార్పెట్ లాగి పారేశాడు. మూత విప్పి, మోచేతి దాకా ట్యాంకులో పెట్టి తడిమాడు. పెట్రోలు తగిలింది. మూలలన్నీ తడిమాడు. అక్కడా పెట్రోలే. చొక్కా విప్పి భుజం దాకా దించాడు.

"దొరికిందా?" అని గుమ్మంలోంచి వినపడింది.

"లేదు," అన్నాడు తల తిప్పకుండా, ఏడుపు గొంతుతో.

"ఏది దొరికిందా అని అడిగాననుకున్నావు?"

తిరిగి చూస్తే ముసలావిడ, చేతిలో సగం తిన్న పై. పక్కన బంగారం దొంగతనాలు చూసే డిటెక్టివు, మీసానికి టమాటా సాసు.

"గేజీ పాడైన మాట నిజమే. అప్పుడు కారు దీని సొంతదారు దగ్గరుంది," అందావిడ. "పోయిన నెల పెర్త్‌లో ట్యాంకు విప్పిస్తే తొమ్మిది పొట్లాలు బయటపడ్డాయి, ముల్లూ దారికొచ్చింది. ఆయన పోలీసులకి అప్పజెప్పాడు, వాళ్ళు నాకు తప్ప ఎవరికీ సంగతి పొక్కనివ్వలేదు. పెట్టిందెవరో తేలలా. దొంగతనం జరిగిన వారం కారు ఈ ఊళ్ళో నాలుగు షెడ్లు తిరిగిందట. ఆయన్నడిగి బండి అరువు తెచ్చుకుని నేనూ నాలుగూ తిరిగా. ముగ్గురూ ముందు తాళం తిప్పి ముల్లు చూశారు. ముల్లు బాగానే ఉంది, నీ కళ్ళే చూపించుకో అని పంపించేశారు. తాళం తిప్పకుండా, ముల్లు వంకైనా చూడకుండా తిన్నగా ట్యాంకులో చెయ్యి పెట్టిన డాక్టరువి నువ్వొక్కడివే."

"నువ్వు... పోలీసువా?" అన్నాడు క్లైవ్. భుజం నుంచి పెట్రోలు కారుతోంది.

"పోలీసుకి ఇంత ఓపిక ఎక్కడిది బాబూ," అని ఆవిడ మిగిలిన పై ముక్క నోట్లో పెట్టుకుంది.

ఈ కథ మరిచిపోకండి, నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆవిడెవరో నాలాగే చివరిదాకా దాచండి. స్నేహితుడి విచారణకి క్లైవ్ ఒక్కపూటైనా పెర్త్ వెళ్ళి ఉంటే, కోర్టులో ముందు బెంచీ మీద రోజూ కూర్చున్న ఆవిణ్ణి చూసి ఉండేవాడు: ఆవిడ మిర్కో తల్లి.