రోహిణి కార్తెలో మంకీ క్యాప్

రోళ్లు పగిలే రోహిణి కార్తె. జనగామ దవాఖానలో ఫ్యాన్ కూడా వేడిగాలే విసురుతోంది. అలాంటి వార్డులో, ఏం చోద్యమో, అతను ఉన్ని మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు! కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడవు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

ఆ పొద్దున్నే పక్క మంచంలో చేరిన భాగ్య నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏందన్నా, గీ ఎండల గా టోపేంది? తలకాయ ఉడుకుతలేదా?"

అతను గిన్నెలో జావ కలుపుతున్నాడు.

అతని ఎదుట మంచం మీది ఎల్లక్కకు చూపు పోయింది. మతీ సగం పోయింది. మొన్న టోపీ లేకుండా తినిపించబోతే, "ఎవడ్రా నువ్వు? అవతలికి పో" అని గిన్నె తోసేసింది. అప్పుడు ఇంటికి పరుగెత్తి ఈ టోపీ తెచ్చాడు. పత్తి మిల్లులో పెనిమిటి రాత్రి కావలి కోసం ఎల్లక్కే కొన్న టోపీ అది. ఇంట్లో పడుకున్నా తల మీదే ఉండేది.

ఎల్లక్క చెయ్యి చాపి తడిమింది. ఊలు కుచ్చు చేతికి తగలగానే ముఖం విప్పారింది.

"మొగిలి బాపూ, వచ్చినవా?"

ఆమె ఏనాడూ పెనిమిటి పేరు ఎత్తలేదు. కొడుకు పేరు కలిపే పిలుస్తుంది.

"వచ్చిన. నోరు తెరువు."

రెండు చెంచాలు మింగింది.

"మొగిలిగాడు రాలేదా?"

"వస్తుండు. తొవ్వల ఉన్నడు."

"నా మీద కోపమా వానికి? నేనేం జేసిన?"

"కోపమేంది... నువ్వంటే పానం వానికి."

"అయితే జల్ది రమ్మను. జర వాని చెయ్యి పట్టుకొని పోత."

అతను ఉండబట్టలేక టోపీ పైకి లాగాడు. ఎల్లక్క తడిమి చూసి బెదిరిపోయింది. "మొగిలి బాపు ఏడి?" అంటూ అతని చెయ్యి విదిలించేసింది. అతను గబగబా టోపీ కిందికి లాక్కున్నాడు.

సాయంత్రం దాకా ఉంటే గొప్పే అని డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. అది విన్నప్పటి నుంచీ భాగ్యకు ఒళ్లు మండుతోంది.

"గిదేం కొడుకన్నా! తల్లి పానం మీదికొస్తె రాకపాయె. వాని బతుకు పాడుగాను!"

"నిజమే చెల్లె" అన్నాడతను.

ఎల్లక్క నాలుగింటి దాకా గుమ్మం వైపే ముఖం పెట్టి ఉంది. "మొగిలీ" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

నర్సు కాగితం తెచ్చింది. "గిది నింపి సంతకం పెట్టన్నా."

అతను టోపీ తీసి, ముఖం తుడుచుకుని, 'చనిపోయినవారికి ఏమవుతారు' అన్న చోట 'కొడుకు' అని రాశాడు.