ఎల్లమ్మ పురిటి కథ

"వద్దంటే వద్దు!" అమృత మంచం కడ్డీ పట్టుకుని పళ్ళు బిగించింది. "మా అమ్మ ఏ ఇంజెక్షనూ లేకుండా కన్నది. నేనూ అలాగే కంటాను."

పక్కన నిలబడ్డ స్నేహ తలూపింది. మన తెలుగమ్మాయే. కాన్పు నొప్పికి మందు ఎవరడుగుతారు, ఎవరు వద్దంటారు, ఎందుకంటారు... ఈ పరాయిదేశపు మిల్టన్ ఆస్పత్రిలో ఆమె చేస్తున్న రీసెర్చ్ అదే.

"నొప్పి పదికి ఎంత?"

"ఏడు... కాదు, తొమ్మిది! అమ్మా, నీ పురుడు సంగతి చెప్పు ఈ పిల్లకి!"

మూల కుర్చీలో ఉంది ఎల్లమ్మ. మామూలప్పుడైతే ఆమెను అడగక్కర్లేదు. ఆ కథ ఏటికేడు బలిసేది. మొదట్లో నీళ్ళు కాగేలోపు పిల్ల పుట్టింది. తర్వాత మంత్రసాని వక్క నమిలేలోపే పుట్టింది. అమృత పెళ్ళినాటికైతే, ఎల్లమ్మ వేరుశెనగ చేలో కలుపు తీస్తూ తీస్తూనే కని, పిల్లను కొంగులో కట్టుకుని మిగతా సాలు కూడా పూర్తిచేసింది. మొన్న ఇక్కడి పక్కింటి పంజాబీ ఆవిడకు చేతి సైగలతోనే చెప్పి నమ్మించింది కూడా.

ఇవాళ మాత్రం రెండే ముక్కలు. "ఏముంది... కన్నాను," అని ఊరుకుంది.

డాక్టర్ వచ్చి చూసింది. "ఇంకా చాలాసేపు పట్టేలా ఉంది. బాగా అలిసిపోయావు. మందు తీసుకుంటే కాస్త ఊపిరి పీల్చుకుంటావు. నీ ఇష్టం," అని వెళ్ళింది.

అమృత మళ్ళీ మెలికలు తిరిగిపోయింది. పెదవి కొరికితే రక్తం వచ్చింది.

"తీసుకోరాదే బిడ్డా," అంది ఎల్లమ్మ.

"నువ్వు ఓర్చుకోలేదూ? నేను నీ కూతుర్ని కానా?"

ఆ మాటకు ఎల్లమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది.

"ఓర్చుకున్నానా, నా మొహమా! అవన్నీ కోతలే. ఆనాడు నేను పెట్టిన కేకలకు ఇంటి పెంకులు జారాయి. కట్టేసిన గేదె తాడు తెంపుకుని పొరుగూరికి పోయింది. నా తిట్లు పడలేక మీ నాన్న చింతచెట్టెక్కాడు. నువ్వు పుట్టాక నిచ్చెనేసి దింపారు! ఆ మంత్రసాని దగ్గర సూదే ఉంటే లాక్కుని నేనే పొడుచుకునేదాన్ని!"

అంత నొప్పిలోనూ అమృతకు నవ్వొచ్చింది. "నిజంగానా? మరి ఇన్నేళ్ళూ నన్ను..."

"నిన్నే కాదు, ఊరందరినీ! స్నేహా, నిలబడి చూస్తావేంటమ్మా, పిలువు ఆ డాక్టర్ని!"

డాక్టర్ రాగానే అమృత మందుకు సరేనంది.

కాసేపటికి బిగిసిన పిడికిళ్ళు విడిపోయాయి. అమృత కునుకు తీస్తోంది. స్నేహ మెల్లగా ఎల్లమ్మ పక్కన చేరింది.

"అమ్మా, తల్లుల మాట కూతుళ్ళ మీద ఎంత పనిచేస్తుందో ఇప్పుడే చూశాను. మీ కాన్పు నొప్పి పదికి ఎంత వేసుకోమంటారు?"

"పన్నెండు వేసుకో," అంది ఎల్లమ్మ, కూతురి నుదుటి చెమట తుడుస్తూ.

ఎల్లమ్మ కడుపు ఏనాడూ పండనే లేదు.