ఏడు సూత్రాల పాట

మాస్టారు లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించారు. క్లాసంతా ఆయన వైపు తిరిగింది. బోర్డు మీద అప్పటికే ఏడు సూత్రాలు రాసి ఉన్నాయి. పాప్ పాట వీడియో అన్నాక అవి ఉండి తీరాలట. పెదవులు పాటతో కలవాలి. ముఖం దగ్గరగా కనపడాలి. దరువు పడ్డచోటే షాటు మారాలి. బట్టలు మూడుసార్లు మారాలి. గుంపు డాన్సు ఉండాలి. జుట్టు గాలికి ఎగరాలి. ఆఖర్న కంట్లోంచి ఒక్క చుక్క రాలాలి.

"హుషారు పాటలో ఏడుపెందుకు మాస్టారూ?" అని అడిగింది కత్తెర.

"హుషారైనా సరే, చుక్క రాలాల్సిందే. కాసేపు చేతులు కట్టుకుని కూర్చోండి, ఇంకా చెప్పేది ఉంది," అన్నారు మాస్టారు.

కత్తెర అనేది ఆ అమ్మాయికి స్నేహితులు పెట్టిన పేరు. ఎవరు ఏ వీడియో తీసినా కోసి, అతికించి, ఒక రూపానికి తెచ్చేది తనే. ఒక పెద్ద స్టూడియోవాళ్ళు ఎడిటింగ్ కోర్సు నడుపుతారు. ఏడాదికి ఒక్కటే ఉచిత సీటు. పేరూ ఊరూ లేకుండా నంబరు మాత్రం వేసి ఒక వీడియో పంపాలి. కత్తెర రెండేళ్ళు పంపింది, రెండేళ్ళూ "క్షమించండి" అని జవాబొచ్చింది. పై ఏటికి వయసు దాటిపోతుంది. అందని మానిపళ్ళకి అర్రులు చాచొద్దని వాళ్ళమ్మ రోజూ అంటూనే ఉంది. ఈసారి పంపేది ఈ పాప్ వీడియోనే. తప్పితే ఇక లేదు.

పాట కత్తెర అన్నయ్య కట్టాడు. అతను సరుకుల వ్యాను నడుపుతూ, తీరిక దొరికితే కీబోర్డు వాయిస్తాడు. నాలుగు ట్యూన్లు ఇచ్చాడు. వీళ్ళు స్పీకరుని బల్ల మీద బోర్లించి, అందరూ అరచేతులు ఆనించి, ఏ ట్యూనుకి బల్ల ఎక్కువ అదిరితే దాన్నే ఖాయం చేశారు. తను ప్రాణం పెట్టి కట్టిన మెల్లటి ట్యూను మూలకి పోయిందని అన్నయ్యకి మనసు చివుక్కుమంది. మీ అభిరుచి తగలెయ్యా అని విసుక్కున్నాడు కూడా. అయినా మూడు ఆదివారాలు మహారాణి ఎదురుగా కూర్చుని, నోరు ఇంతేసి తెరిచి ఒక్కో మాటా నేర్పాడు. మహారాణి అంటే వీడియోలో పాడే అమ్మాయి. ఆ నడకా, ఆ విసురూ, ఆ అలకా చూసినవాళ్ళెవరూ వేరే పేరు పెట్టలేరు.

షూటింగు డాబా మీద. చెక్కపలకలు పరిచి, స్పీకరు వాటి మీద పెట్టి, అందరూ చెప్పులు విప్పేశారు. కెమెరా పట్టింది వాళ్ళ క్లాసు బక్కోడు. గాలి కోసం టేబులు ఫ్యాను పెడితే జుట్టు ఎగిరిన మాట నిజమే, సగం మహారాణి నోట్లోకి పోయింది. మూడో జత బట్టలు కత్తెర వాళ్ళ నాన్నగారి కోటు. కన్నీటి చుక్క కోసం ఉల్లిపాయ తెస్తే మహారాణి చెక్కు చెదరలేదు, కోసిన బక్కోడు మాత్రం చొక్కా తడిసేలా ఏడ్చాడు. చివరికి ఆ బక్కోడి కన్నే దగ్గరగా తీశారు.

కింది వాటా పిన్నిగారు రెండుసార్లు పైకొచ్చి, చేతులు పైకెత్తి ఊపి వెళ్ళారు. డాన్సు ఆవిడకి తెగ నచ్చిందని అందరూ పొంగిపోయారు. మూడోసారి ఆవిడ మెయిన్ స్విచ్చి ఆపేశాకగానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. ఆ తర్వాత స్పీకరు మీద దుప్పటి కప్పారు.

ఎడిటింగుకి కూర్చున్నాక కత్తెరకి తిండి ధ్యాసే లేదు. తెర మీద పాట తాలూకు గీతలు లేచినచోటల్లా షాటు తెంచింది. మర్నాడు మధ్యాహ్నానికి గడువు. లాప్‌టాప్ చూస్తే నత్త నయం. బరువు తగ్గిద్దామని, అక్కర్లేదనిపించిన ట్రాకులు ఒక్కోటీ ఆపేస్తూ పోయింది. పంపేముందు తనకోసారి చూపించమని అన్నయ్య మరీ మరీ చెప్పాడు. కానీ వ్యానేసుకుని వారం రోజుల ట్రిప్పు వెళ్ళినవాడు మెసేజీకి పలకడే.

పొద్దున్నే కాలేజీ హాల్లో వేసి చూశారు. అయిపోగానే హాలంతా లేచి నిలబడి చేతులు పైకెత్తి ఊపింది. మాస్టారు బోర్డు దగ్గరికెళ్ళి ఏడు సూత్రాలకీ ఏడు టిక్కులు పెట్టారు. ఇంకేం వెతకక్కర్లేదు తల్లీ, పంపించెయ్ అన్నారు. కత్తెర పంపించేసింది.

ఆరో రోజున ఫోనుకి జవాబొచ్చింది.

"పెదవులు చూస్తే మాట తెలుస్తోంది. షాట్లు మారుతుంటే మా కాళ్ళు వాటంతటవే ఆడాయి. పాప్ వీడియోకి ఇదే ప్రాణమని అందరూ అనుకునేదాన్ని కావాలని పక్కనపెట్టి, ఇంత హుషారు తెప్పించారు. ఆ తెగువ ఇంకెవరూ చూపలేదు. సీటు మీదే."

కత్తెర మూడుసార్లు చదివి, ఉన్నచోటే చతికిలబడి ఏడ్చేసింది. మహారాణి కౌగిలించుకుంది. బక్కోడు గెంతాడు. కాసేపటికి ముగ్గురికీ ఒకటే అనుమానం వచ్చింది. పక్కన పెట్టిందేమిటి? గాలి తక్కువైందని మహారాణి, ఉల్లిపాయ దండగైందని బక్కోడు తగువేసుకున్నారు. ఏడుకి ఏడూ ఉన్నాయి కదరా అని కత్తెర తల పట్టుకుంది.

అంతలో అన్నయ్య దిగాడు. సంచి భుజాన ఉండగానే వీడియో పెట్టించుకుని చూశాడు. మధ్యలో ఫోనుని తట్టాడు, అటూ ఇటూ తిప్పాడు, మళ్ళీ మొదట్నుంచి పెట్టాడు. మొహం పాలిపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం తప్పు చేశానురా అన్నయ్యా, చెప్పి నవ్వు," అని కత్తెర అతని చెయ్యి పట్టుకుని కుదిపింది.

అన్నయ్య చెయ్యి విడిపించుకుని, కళ్ళు తుడుచుకుని, ఆ బధిరుల కాలేజీలో మాస్టారితో సహా అరవైమంది చూసి మెచ్చుకున్న వీడియోలో అసలు పాటే లేదని వేళ్ళతో చెప్పాడు.