దొడ్డి తలుపు

"ఇవి మీ గూళ్లేనా అమ్మా?"

అంబిళి కంప్యూటరు ముందు నుంచి తలెత్తింది.

గుమ్మంలో యాభై దాటిన మనిషి. మడిచి కట్టిన ముండు పంచె. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. నాలుగు మడతల కాగితం ఒకటి చాపాడు.

విప్పి చూసింది. నలభై ఒక్క వరసలు. చెట్టు నంబరు, కొండ పేరు, అక్షాంశం, రేఖాంశం.

చటుక్కున కుర్చీలోంచి లేచింది.

ఆ కొండల్లో కొమ్ముపిట్టలు గూడు పెట్టే చెట్ల జాబితా అది. ఆ పక్షుల్ని కాపాడే సంఘంలో మ్యాపు పని అంబిళిదే. ఆ మ్యాపు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. కానీ వేటగాళ్ల భయం కొద్దీ, గూడున్న చోట పెద్ద గుండ్రం గీసి ఊరుకుంది. ఏ చెట్టో చెప్పే జాబితాను సర్వర్ లోపల దాచింది. దాచాననే అనుకుంది.

"ఎక్కడిది మీకిది?"

"మీ మ్యాపులోంచే తీశారట."

"ఎవరు?"

"పేర్లడక్కమ్మా. కంప్యూటరు సంగతి నాకు తెలీదు. వీధి తలుపుకి తాళం వేసి, దొడ్డి తలుపు బార్లా వదిలేశారని వాళ్లు నవ్వుకుంటుంటే విన్నాను."

అంబిళి తన ఫోన్లో మ్యాపు అడ్రసు కొట్టింది. చివరి ముక్క చెరిపి, ఫైళ్లుండే ఫోల్డరు పేరు పెట్టింది.

పాస్‌వర్డు అడగలేదు. ఫైళ్లన్నీ వరసగా కళ్లముందు పరుచుకున్నాయి.

కిందటి వారం కొత్త సర్వర్‌కి మారినప్పుడు ఆ ఒక్క తాళం వేయడం మరిచింది. ఎవరొచ్చి ఏం తీసుకెళ్లారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా తెరిచింది. నాలుగు రోజుల్లో పదకొండు సార్లు ఎవరో జాబితా దించుకున్నారు.

"మాష్టారూ!"

సంఘం నడిపే రాఘవన్ మాష్టారు పాలు లేని కట్టన్ చాయ గ్లాసుతో లోపల్నించి వచ్చాడు. విన్నాడు. గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మ్యాపు మొత్తం ఆపేస్తున్నాను మాష్టారూ."

"రేపు కలెక్టరు చూడ్డానికొస్తుంటేనా?"

"ఆపకపోతే చూపించడానికి పిట్టలుండవు."

ఆపేసింది. జాబితాను బయటివాళ్లకి అందని చోటికి మార్చింది. పాస్‌వర్డులన్నీ మార్చింది.

కానీ వెళ్లిపోయిన జాబితాకి ఏ తాళమూ లేదు.

"అమ్మా, మూడు చెట్లకి ఇవాళే మనుషులు పోతున్నారు" అన్నాడు వచ్చినతను. "ఏడు, ఇరవై మూడు, పందొమ్మిది. ముందు పందొమ్మిదికి పంపండి. అక్కడ ఆడది తొర్రలో ఉంది."

అంటే ఏమిటో అంబిళికి తెలుసు. ఆడపిట్ట తొర్రలో కూర్చుని, తొర్ర నోటిని మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టే సందు మాత్రం ఉంచుకుంటుంది. మగది తెచ్చి పెడితేనే తిండి. మగది పోతే, లోపల తల్లీ పిల్లా ఆకలికి మాడాల్సిందే.

"ఇదంతా నీకెలా తెలుసు?" అన్నాడు మాష్టారు.

"తెలుసు మాష్టారూ."

"దొంగల పక్కన కూర్చుని విన్నావు. ఎప్పుడు ఎటు పోతారో తెలుసు. నువ్వు వాళ్ల మనిషివి కాదా?"

అతను తల దించుకున్నాడు.

"ముందు మీ సంఘం కావలివాళ్లని పంపండి. తర్వాత నన్నేం చేసినా సరే."

"పందొమ్మిది కొండకి అవతల. మావాళ్లంతా అటు పోతే ఇటు ఖాళీ. అంతేగా నీ ఎత్తు?"

"మాష్టారూ, ఒక్క మనిషినైనా..." అంది అంబిళి.

"నువ్వూరుకో."

మాష్టారు కావలివాళ్లని దగ్గరలో ఉన్న ఏడుకీ ఇరవై మూడుకీ పరుగెత్తించాడు. అటవీ రేంజి ఆఫీసుకి ఫోన్ చేశాడు.

తలుపు తీసే ఉంది. అతను పారిపోలేదు. బెంచీ చివర కూర్చుని, "పొద్దెక్కుతోంది మాష్టారూ" అని రెండుసార్లు అన్నాడు.

జీపొచ్చింది. గార్డులు చెరో రెక్కా పట్టుకున్నారు.

"అమ్మా, పందొమ్మిది!"

"ఎక్కవయ్యా, చాలు నాటకాలు" అన్నాడు మాష్టారు.

పదకొండింటికి ఏడో చెట్టు నుంచి ఫోన్. తుపాకీతో ఇద్దరు, కావలివాళ్లని చూసి పరుగెత్తారు.

పన్నెండింటికి ఇరవై మూడు. అక్కడా అంతే.

అతను చెప్పిందంతా నిజమే. మాష్టారు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"పదండి" అన్నాడు.

కొండ దాటేసరికి నాలుగైంది. చెట్టు కింద నల్లటి ఈకలు, తెల్లటి ఈకలు. మగపిట్ట మొండెం పొదలో పడుంది. అమ్ముకోడానికి ముక్కు కోసుకుపోయారు.

పైన తొర్ర సందులోంచి ఆడదాని ముక్కు కొస బయటికొచ్చింది. ఎదురు చూస్తోంది.

కావలి మయిలన్ వెదురు నిచ్చెనేసి ఎక్కాడు. అత్తిపండు సందు దగ్గర పెట్టాడు. చాలాసేపు చప్పుడు లేదు.

"తీసుకుంది!"

మయిలన్ ఏడుస్తున్నాడు. మాష్టారు వేరు మీద కూలబడ్డాడు.

"పొద్దున్నే చెప్పాడు" అంది అంబిళి.

మర్నాడు తెల్లారగానే ఇద్దరూ రేంజి ఆఫీసుకి వెళ్లారు.

"పొరపాటు మాది. ఆయన్ని వదిలేయండి" అన్నాడు మాష్టారు.

రేంజరు కుర్చీలు చూపించాడు.

"వదలడం నా చేతుల్లో లేదు మాష్టారూ. రాత్రే కోర్టుకి రాశాం. పేరడగ్గానే దాచకుండా చెప్పేశాడు."

"ఎవరాయన?"

"వేలుక్కుట్టి. పదకొండేళ్లుగా మేం వెతుకుతున్న వేటగాడు. పందొమ్మిదో చెట్టు అతని వంతుకే వేశారట. తను కాదంటే ఇంకొకణ్ణి పంపుతారని తెలిసే మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు."