చుక్క బర్రె తోక

"తోక పట్టి చెప్పు, చౌదరన్నా!"

బుచ్చమ్మ మాటకు గౌలిపుర పంచాయతీలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పాలవాళ్ళ చౌదరిని, అంటే కులపెద్ద దుర్గయ్యను నిలదీసిన మనిషి ఆ గల్లీలో అంతవరకు పుట్టలేదు. పుట్టినా, పెరిగేసరికి బుద్ధిమంతులైపోయేవారు.

గల్లీకి నల్లా నీళ్ళు తెస్తానని దుర్గయ్య చెప్పబట్టి ఏళ్ళు గడిచాయి. మొదట ఇంజనీరు సాబు బిడ్డ పెళ్ళి అడ్డమొచ్చింది. తర్వాత జర్మనీ యుద్ధమొచ్చి పైపులు ఎత్తుకుపోయింది. ఇప్పుడవి ఓడలో వస్తున్నాయి. ఆ ఓడ ఏ సముద్రంలో ఉందో దుర్గయ్యకే తెలియాలి. ఈలోగా బావి ఎండింది. బర్రెలను పురానాపూల్ కింది ఏటి దాకా తోలుకుపోయి నీళ్ళు తాగిస్తే, తిరిగొచ్చేసరికి మళ్ళీ నాలుక బయటపెడుతున్నాయి. బుచ్చమ్మకున్న ఒక్క బర్రెకు పక్కటెముకలు తేలాయి, పాలు చెంబెడు కూడా రావడం లేదు. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

రేపు నీళ్ళ అఫ్సర్ పత్తర్‌గట్టికి వచ్చి జనం మొర వింటాడట. రేపు తప్పితే మళ్ళీ వానలు పడ్డాకే.

"అందరం పోయి అడుగుదం," అంది బుచ్చమ్మ.

"మీరు పోతే నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు దుర్గయ్య. "నల్లా మంజూరైంది. నా చెవులార విన్న. మీకు ఫికర్ ఎందుకు?"

"గట్లయితే తోక పట్టు."

పాలవాళ్ళలో అంతకు మించిన ఒట్టు లేదు. బర్రె తోక పట్టి అబద్ధమాడితే ఆ బర్రె గల ఇంట్లో పాలు ఇంకిపోతాయి. కోర్టులో ఏ గ్రంథం మీదైనా చెయ్యి వేసేవాళ్ళు కూడా తోక దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతారు.

దుర్గయ్య మాత్రం నవ్వాడు.

"పడ్త బిడ్డా. చుక్కను తీస్కరాండ్రి."

నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క అంటే దుర్గయ్యకు పంచప్రాణాలు. దానికి బెల్లం పెట్టందే తాను ముద్ద ముట్టడు. బర్రెలను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగకు దాని కొమ్ములకు కట్టినన్ని పూలు పెళ్ళిలో భార్యకు కూడా పెట్టలేదని వాడకట్టంతా చెప్పుకుంటారు.

బుచ్చమ్మ పెనిమిటి కొండల్ గబుక్కున లేచాడు.

"చౌదరన్నా, చుక్క..."

దుర్గయ్య చెయ్యెత్తాడు. చౌదరి చెయ్యెత్తితే నోరు మూసుకోవడం ఆచారం. కొండల్ కూర్చున్నాడు.

దుర్గయ్య చుక్క తోకను రెండు చేతులా పట్టుకుని గట్టిగా అన్నాడు. "నల్లా మంజూరైన మాట నిజం. అబద్ధమైతే ఈ బర్రె గల ఇల్లు ఎండిపోవాలె!"

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ముసలివాళ్ళు మెచ్చుకున్నారు. బుచ్చమ్మకు సిగ్గేసింది. వెళ్ళి దుర్గయ్య కాళ్ళకు మొక్కింది.

"తప్పైంది, చౌదరన్నా. మేం యాడికీ పోం."

"అడగాలె బిడ్డా," అన్నాడు దుర్గయ్య పెద్దరికంగా. "పెద్దోళ్ళను అడుగుడు మీ హక్కు."

నాయకుణ్ణి నిజం అడగడం గౌలిపురలో అదే మొదలు. ఏం చెప్పినా నమ్మడం మాత్రం పాత అలవాటే.

ఇల్లు చేరేదాకా బుచ్చమ్మ నోట అదే మాట. "దొంగోడైతే పానం లెక్క చూసుకునే బర్రె తోక పడ్తడా? మస్తు పెద్ద మనిషి. నేనే పాపపుదాన్ని."

పొద్దున దుర్గయ్య ఇంటి నుంచి ఈల వేసుకుంటూ వచ్చిన కొండల్ ఇప్పుడు అరుగు మీద కూలబడ్డాడు. కొట్టంలో పచ్చగడ్డి మోపులు రెండున్నాయి. వాటి పక్కన కొత్త గుంజ పాతి ఉంది.

"మన బర్రె పిడికెడు గడ్డి తినక సస్తుంటే గింత ఎందుకు కోసినవ్? ఈ గుంజ ఏంది?"

"నీ బర్రె బక్కగైందని చౌదరన్న జాలి పడ్డడే. పంచాయతీ అయ్యేదాక ఎవ్వరికీ చెప్పకన్నడు."

"ఏం చెప్పకన్నడు?"

కొండల్ తలెత్తలేదు.

"చుక్క పొద్దటి సంది మనదే."