పెట్టని టిక్కు

తెర మీద చిలుక మళ్ళీ వచ్చింది.

"మీకే బహుమతి! ఇక్కడ నొక్కండి!" అని ఇంగ్లీషులో అరిచింది.

సురేష్ దాన్ని మూశాడు. దాని వెనక లాటరీ ప్రకటన. అదీ మూశాడు. దాని వెనక మళ్ళీ చిలుక.

"అన్నా, అయిదింటికి మూసేత్తారంట," అంది చిట్టి, గోడ గడియారం కేసి చూస్తూ.

కొండ మీది ఊరి నుంచి వానలో రెండు గంటలు నడిచొచ్చిన పిల్ల. నర్సు ట్రైనింగు దరఖాస్తు కంప్యూటర్లోనే పంపాలి. ఈ రోజే ఆఖరు. డుంబ్రిగుడలో ఇంటర్నెట్టున్న గది సురేష్‌ది ఒక్కటే.

"తెలుసమ్మా! నువ్వు ఊరికే తొందరెట్టకు."

ఆ చిరాకు కాస్తా గుమ్మంలో కూర్చున్న ముసలామె మీదికి మళ్ళింది. సంతకొచ్చి, వానకి తల దాచుకుంది ఆవిడ.

"గుమ్మంలో అడ్డమేటి ముసిలమ్మా? నీ సొంత స్థలం అనుకున్నావా?"

ఆవిడ చప్పున లేచింది. లోపలికొచ్చి, గోడకున్న అట్టముక్కని కూడబలుక్కుంటూ చదివింది.

"లోపలికి... వచ్చువారు... పేరు రాయవలెను."

బల్ల మీది రిజిస్టరు అందుకుంది. గుండ్రంగా ఒక్కో అక్షరం దిద్దింది: దేముడమ్మ, జి.మాడుగుల.

సురేష్‌కి నవ్వొచ్చింది. "నువ్వూ కంప్యూటర్ నేర్సుకుంటావేటి?"

"రాయమని రాసుంది కద బాబూ. రాసాను."

చిలుక మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు.

"మూసినకొద్దీ పుడతన్నాయి," అని తల పట్టుకున్నాడు.

"తల తుంపుతున్నావు మరి," అంది ముసలామె. "సోడి సేలో కలుపు తల తుంపితే పోద్దా? మొదలంటా పీకాల."

"ఇది సోడి సేను కాదులే మామ్మా."

"నువ్వు నాటినయ్యేటో నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"అయ్యి ఇడిసిపెట్టు. మిగతాదంతా కలుపే."

సురేష్ చెయ్యి ఆగింది.

ముందు ఇంటర్నెట్టొచ్చే ఫోను తీగ పీకేశాడు. చిలుకల రాక ఆగింది. కంప్యూటర్లో ఏమేం ఎక్కించి ఉన్నాయో ఆ జాబితా తెరిచాడు. తెలుగు టైపు తనదే. ప్రింటరుది తనదే. చిలుక తనది కాదు. నవ్వు బొమ్మలు తనవి కావు. తెర పైన అతుక్కున్న వెతుకుడు పట్టీ, అదే సెర్చ్ బార్, తనది కాదు. అన్నీ ఒకే రోజున దిగాయి, ఉచితంగా పాటలొస్తాయంటే తను ఏదో ఎక్కించిన రోజున.

ఒక్కొక్కటే తీశాడు. చిలుక దగ్గర ఏదో ప్రశ్న వచ్చింది.

"ఏటంటంది?" అని అడిగింది ముసలామె.

"నిజంగా నన్ను పంపేస్తావా అంటంది."

"బతిమాలుద్ది. తీసీ."

చిట్టి ఫక్కున నవ్వింది. పొద్దుట్నించీ అదే మొదటి నవ్వు.

కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాడు. తెర ఖాళీగా, శుభ్రంగా వచ్చింది. తీగ పెట్టాడు. దరఖాస్తు దొరికింది గానీ, దాన్ని తెరవడానికి ఇంకేదో ఎక్కించాలంది. సురేష్ వేలు అలవాటుగా కదిలింది. నెక్స్ట్. నెక్స్ట్. నెక్...

"ఆగు బాబూ! అడుగున ఆ టిక్కు నువ్వెట్టినావా?"

చూశాడు. చీమ తలకాయంత డబ్బా, అందులో టిక్కు.

"లేదు. దానంతటదే ఉంది."

"పక్కన ఏటి రాసుందో సదువు."

చదివాడు. "వెతుకుడు పట్టీ పెట్టడానికి నేను సమ్మతిస్తున్నాను." ఉలిక్కిపడ్డాడు. "నేనెప్పుడు సమ్మతించాను? నన్నడగందే!"

"నువ్వెట్టని టిక్కు నువ్వే తీసీ."

తీసేశాడు.

అయిదుకి పది నిమిషాలుందనగా దరఖాస్తు వెళ్ళింది. నంబరు వచ్చింది. చిట్టి ముసలామెని వాటేసుకుంది.

"ఇంత సన్నటి అచ్చరాలు ఎవడు సదువుతాడు మామ్మా?" అన్నాడు సురేష్, ఈసారి మెత్తగా.

"నేనూ సదవలేదు బాబూ. అప్పుడు సదువొచ్చీది కాదులే. పోయాక నేర్సుకున్నాను, కొట్ల మీద బోర్డులు సూసి."

"ఏటి పోయాక?"

ఆవిడ గది వెనక కిటికీలోంచి తడిసిన నేల కేసి చూస్తూ నిలబడింది.

"ఇక్కడ పసుపు బాగా పండీది," అంది.

బయట బస్సు హారను మోగింది. బుట్ట తల మీద పెట్టుకుని, బేగి బేగి వెళ్ళిపోయింది. ఆవిడని కూర్చోమని తను ఒక్కసారైనా అనలేదని సురేష్‌కి తర్వాత తోచింది.

ఆ రోజు నుంచి అతను ఏదీ చదవకుండా నొక్కలేదు. వచ్చినవాళ్ళందరికీ ముందు అదే నేర్పాడు. గుమ్మం పక్కన ఒక స్టూలు వేశాడు. చలికాలం మొదట్లో చిట్టి మిఠాయి తెచ్చింది, సీటొచ్చిందని. స్టూలు మాత్రం ఖాళీగానే ఉంది.

సంక్రాంతి దాటాక కరెంటు మీటరు తన పేరుకి మార్చుకోవడానికి ఆ గది స్థలం కాగితం జిరాక్సు కావాల్సి వచ్చింది. తాతయ్య స్థలం కొన్ననాటి కాగితం. ఇదివరకు పదిసార్లు జిరాక్సు తీశాడు. ఒక్కసారీ చదవలేదు.

ఈసారి చదివాడు.

"రెండు ఉప్పు బస్తాలు పుచ్చుకుని, నా పసుపు చేనును ఇష్టపూర్తిగా..."

ఆఖరి వరస దాకా చదివి, రిజిస్టరు తిరగేశాడు. తర్వాత గదికి తాళం వేసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని, జి.మాడుగుల బస్సెక్కాడు.

బస్సు ఘాటీ ఎక్కుతుంటే మళ్ళీ విప్పి చూశాడు. "చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర" అన్న వరస కింద నల్లటి వేలిముద్ర, దాని పక్కన తాతయ్య చేతిరాతలో ఒకే ఒక్క పేరు: దేముడమ్మ.